గూడ్సుబండి వెళ్ళేదాకా

మాది భిలాయి-3. ఊరి పేరు చివర అంకె ఉంది కదా, ఇదేదో ఉక్కు కర్మాగారం వాళ్ళు కట్టిన సెక్టారు అనుకుంటారు చాలామంది. సెక్టార్లు వేరు, మేం వేరు. సెక్టార్ల వాళ్ళకు వరసగా చెట్లు, క్వార్టర్లు, సెక్టార్-1లో నెహ్రూ సాంస్కృతిక భవనం ఉన్నాయి. మాకు రైలు పట్టాలు ఉన్నాయి. రాయపూర్ నుంచి దుర్గ్ వైపు వస్తుంటే కుమ్హారీ, చరోదా దాటాక భిలాయి అని బోర్డు కనిపిస్తుంది. ఆ స్టేషను మా ఊళ్ళోదే. చరోదా మార్షలింగ్ యార్డులో పని దొరుకుతుందని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి విశాఖ పాసింజరెక్కి వచ్చినవాళ్ళు మా వీధిలో ఇంటికొకరు ఉండేవారు. మా నాన్న వాళ్ళలో ఒకరు. యార్డులో పాయింట్స్‌మన్. పగలు డ్యూటీ అయితే రాత్రి హార్మోనియం పక్కన, రాత్రి డ్యూటీ అయితే పగలు మంచం మీద.

ఈ రోజు మాట్లాడబోయేది మా నాన్న గురించి కాదు, రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ గారి గురించి. అయితే ఆయన పేరు నేను మొదటిసారి విన్నది మా నాన్న వల్ల జరిగిన ఒక తమాషా మూలంగా. అందుకని అక్కడ మొదలుపెడతాను.

శ్రీరామనవమి పందిరిలో హరిశ్చంద్ర కాటిసీను. మా నాన్న హరిశ్చంద్రుడు. లోకో షెడ్డులో ఫిట్టరు ఒకాయన మీసం తీయించుకుని చంద్రమతి. నాకు తొమ్మిదేళ్ళు, నేను లోహితాస్యుణ్ణి. లోహితాస్యుడంటే మరేం లేదు, చంద్రమతి చేతుల్లో శవం. కళ్ళు మూసుకుని పడుకుంటే చాలు. రిహార్సల్సులో మేష్టారు నాకు నేర్పిన నటన మొత్తం ఇదే: కదలకురా బాబూ, దోమ కుట్టినా కదలకు.

ఎత్తుకోవలసిన పద్యం ఎత్తుకునే వేళకి, పందిరి వెనక మెయిన్ లైను మీద గూడ్సుబండి వచ్చింది. ఖాళీ వ్యాగన్లు. నిండు బండి కంటే ఖాళీ బండికి మోత ఎక్కువ. హారన్ మైకులున్నా లాభం లేదు. హార్మోనియం ఆగిపోయింది. శ్రుతి పోయింది. నాన్న నోరు తెరిచినవాడు అలాగే మూశాడు. బండి వెళుతూనే ఉంది. నేను ఒక కన్ను కొంచెం తెరిచాను. శవానికి అది తగని పని, కానీ తెరిచాను. నాన్న కాటికాపరి కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో ఏడుపు లేదు. బొటనవేలితో కర్రకున్న కణుపుని మాత్రం అదేపనిగా రుద్దుతున్నాడు. చంద్రమతి వైపు చూడడు. నా వైపు చూడడు. మా ఇంట్లో జీతం చాలని నెలాఖర్లో నాన్న గోడకు చేరబడి ఇలాగే ఉండేవాడు, అది నాకు బాగా తెలుసు.

బండి పోయింది. అప్పటికీ నాన్న వెంటనే అందుకోలేదు. అందుకున్నాక రాగం తీయలేదు, తీయలేకపోయాడు. పద్యాన్ని ఉత్త మాటల్లా చెప్పేశాడు. హార్మోనియం ఆయన శ్రుతి కోసం వెతుక్కుంటూ రెండు మెట్లు నొక్కి వదిలేశాడు. మా నాన్న పద్యానికి ప్రతిసారీ వన్స్ మోర్ పడేది. ఆ రాత్రి ఒక్కరూ అనలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి ముక్కు చీదిన చప్పుళ్ళు మాత్రం వినిపించాయి. మా అమ్మ చీదింది కూడా వినిపించింది, ఆ చప్పుడు నాకు గుర్తే.

రంగు కడుక్కుంటున్నప్పుడు మేష్టారు వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశారు. నాన్న సిగ్గుపడి, "నాదేటుంది మేష్టారూ, గూడ్సుబండి గొప్ప" అన్నాడు. మేష్టారు నవ్వలేదు. "రాఘవ గారైతే బండి రాకపోయినా ఆగుదురు" అన్నారు.

రాఘవ ఎవరని అడిగితే, "లండను వెళ్ళొచ్చిన ప్లీడరు" అని చెప్పి బీడీ వెలిగించుకున్నారు.

ఆ లండను గురించి తర్వాత చెబుతాను. ముందు మనిషి గురించి.

రాఘవ 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. తండ్రి నరసింహాచార్యులు బళ్ళారి హైస్కూల్లో తెలుగు పండితుడు. తల్లి శేషమ్మ. ఆవిడ అన్నగారి పేరు చెబితే కథ సగం చెప్పినట్టే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆంధ్ర నాటక పితామహుడనే బిరుదు ఆయనదే. బళ్ళారిలో ప్లీడరీ చేస్తూ సరసవినోదినీ సభ పెట్టి నాటకాలు రాసి ఆడించారు. విషాదంతో ముగిసే నాటకం తెలుగులో రాయకూడదనే కట్టుబాటును విషాద సారంగధరతో తెంచినవారు ఆయనే. అదే ఊళ్ళో ఇంకో ప్లీడరు, కోలాచలం శ్రీనివాసరావు. ఆయనది సుమనోరమ సభ. ఆయన చరిత్ర నాటకాల మనిషి. ఒక ఊరు, ఇద్దరు ప్లీడర్లు, రెండు సభలు. పోటీ ఎలా ఉండేదో నేను చెప్పక్కర్లేదు, మన ఊళ్ళలో రెండు రామమందిరాలుంటే ఏం జరుగుతుందో మీకు తెలుసు.

అలాంటి ఊళ్ళో పెరిగిన పిల్లాడు నాటకం జోలికి పోకుండా ఎలా ఉంటాడు? బడిపిల్లాడుగా ఉండగానే షేక్స్పియర్ క్లబ్బని పెట్టి తోటి పిల్లలతో ఇంగ్లీషు నాటకాలాడాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత 1905లో లా. బళ్ళారి తిరిగొచ్చి క్రిమినల్ కేసులు పట్టాడు. వకాలత్తు బాగా సాగింది. నాటకం మీద వచ్చే డబ్బుతో బతకవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. నాటకాల వసూళ్ళు మంచి పనుల చందాలకు పోయేవి.

ఈ విషయం దగ్గర కొంచెం ఆగుతాను. ఆ కాలంలో నాటకం ఆడేవాళ్ళు రెండు రకాలు. కుటుంబం కుటుంబమంతా నాటకమే తిండిగా బతికిన సురభి లాంటి కంపెనీల వాళ్ళు ఒక రకం. పగలు కోర్టుకో కచేరీకో వెళ్ళి సాయంత్రం రంగు పూసుకునే సమాజాల వాళ్ళు ఇంకో రకం. కంపెనీ వాడికి జనం అడిగింది ఇవ్వక తప్పదు. జనం పద్యం అడుగుతారు, రాగం అడుగుతారు, వన్స్ మోర్ అంటారు. చచ్చిపడినవాడు లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. జనం మాట కాదనే స్వేచ్ఛ సమాజం వాడికి ఉంది, కానీ ఆ స్వేచ్ఛ వాడుకున్నవాళ్ళు తక్కువ. రాఘవ వాడుకున్నారు.

ఆయన వాదన సూటిగా ఉండేది. బిడ్డ చచ్చిపోయిన తల్లి ఆరోహణ, అవరోహణ చూసుకుని ఏడవదు. కోపంతో ఊగిపోయే రాజు కోపం మధ్యలో ఆగి కల్యాణి రాగం ఆలపించడు. పద్యముంటే చదువు, అర్థం తెలిసేలా చదువు, పాత్ర ఎంత గొంతు పెంచుతుందో అంతే పెంచు. మాట లేనిచోట ఒళ్ళు మాట్లాడాలి, కళ్ళు మాట్లాడాలి. ఇదంతా ఈనాడు వింటే ఇందులో వింతేముంది అనిపిస్తుంది. నాటకం చూడ్డానికి వెళ్ళామని కాక నాటకం వినడానికి వెళ్ళామని చెప్పుకునే రోజుల్లో ఈ మాట అనడం అంటే, పెళ్ళి పందిట్లో నిలబడి భోజనాలు అనవసరం అనడంతో సమానం.

నేను మాత్రం ఇందులో పూర్తిగా రాఘవ గారి పక్షం కాదు. ఒప్పుకుంటున్నాను. పద్యం మా భిలాయి-3 వాళ్ళకు నటన కోసం కాదు, ఇంటి కోసం. ఎనిమిది గంటలు హిందీలో, ఛత్తీస్‌గఢీలో మాట్లాడి వచ్చిన మనిషికి ఒక్క తెలుగు పద్యం రాగయుక్తంగా చెవిన పడితే వంశధార ఒడ్డున కూర్చున్నట్టుండేది. వాడి దగ్గరకెళ్ళి, నాయనా ఇది నటన కాదు అని చెబితే, నటన ఎవడిక్కావాలి అంటాడు. ఇద్దరిదీ న్యాయమే. బళ్ళారిలో కూర్చున్న ప్లీడరుగారికి ఈ రెండో న్యాయం కనబడి ఉండకపోవచ్చు.

ఆయన వేసిన వేషాలు చూస్తే మాత్రం నోరు మూతపడుతుంది. హిరణ్యకశిపుడు, చాణక్యుడు, దుర్యోధనుడు, ఇంగ్లీషులో ఒథెల్లో, షైలాక్. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాలుగింటిలోనూ ఆడారు. వీటన్నిటికంటే జనం నోట నిలిచింది పఠాన్ రుస్తుం. కోలాచలం శ్రీనివాసరావు రాసిన రామరాజు చరిత్రలో పాత్ర అది. విజయనగర సామ్రాజ్యం పడిపోయిన కథ, 1565 నాటి యుద్ధం. హంపీ శిథిలాలకూ బళ్ళారికీ మధ్య దూరం అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ ఊరివాళ్ళకు అది పుస్తకంలో చదివిన చరిత్ర కాదు. ఎడ్లబండి కట్టుకుని వెళ్ళి చూసి వచ్చిన చరిత్ర. అలాంటి కథలో ఓడినవాడి పక్షాన ఏడిపించడం తేలిక. రాఘవ ఎంచుకున్నది అవతలి పక్షంలోని పఠాను. ప్రేక్షకులు వచ్చింది రామరాజు కోసం, ఇంటికి తీసుకెళ్ళింది రుస్తుంని. కోర్టులో ముద్దాయి తరఫున నిలబడే అలవాటున్నవాడికి ఇది సహజమేమో అని నాకు అనిపిస్తుంటుంది. షైలాక్ కూడా అటువంటివాడే. హిరణ్యకశిపుడూ అంతే. లోకమంతా తప్పన్నవాడి దగ్గరికెళ్ళి, నీ సంగతేమిటో నువ్వు చెప్పు అని అడగడం.

1927లో గాంధీజీ ఒంట్లో బాగుండక నంది కొండ మీదా, ఆ తర్వాత బెంగళూరులోనూ విశ్రాంతి తీసుకున్నారు. అప్పుడు రాఘవ ఆడిన హిందీ నాటకం దీనబంధు కబీర్ చూశారు. ప్రార్థన వేళ దాటిపోతున్నా లేవలేదని నాటకాలవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

ఇక లండను సంగతి.

1920ల చివర్లో రాఘవ యూరప్ వెళ్ళారు. ఇంగ్లండులో నాటకాలు చూశారు, అక్కడి నటుల్ని, నాటకకర్తల్ని కలిశారు. కలిసినవాళ్ళలో బెర్నార్డ్ షా ఒకరు. అప్పటికి షాకి నోబెల్ బహుమతి వచ్చింది, ప్రపంచమంతా ఆయన మాటల్ని ఏరుకుంటోంది. రాఘవని షా ఏమని మెచ్చుకున్నారో చెప్పే వాక్యాలు మన పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో రకరకాలుగా వినిపిస్తాయి. వాటిని నేను వల్లించను. రాఘవ పేరు పక్కన ఇంగ్లీషు నటుడు లారెన్స్ ఒలివియే పేరు తగిలించడం కూడా మనవాళ్ళకు ముచ్చట. ఒలివియే 1907లో పుట్టాడు. రాఘవ ఓడ దిగేనాటికి అతను ఇరవై ఏళ్ళ కుర్రాడు, నటనలో ఇంకా కొత్తవాడు. మనవాడికి యాభై దగ్గరపడుతున్నాయి. ఎవరి పేరు పక్కన ఎవరి పేరు రాసుకోవాలో మీరే చెప్పండి.

నన్ను ఆ ప్రయాణంలో పట్టుకున్న విషయం ఇంకొకటి. ఆ రోజుల్లో లండనులో ఒథెల్లో వేషం తెల్లవాళ్ళే వేసేవారు, ముఖానికి మసి పూసుకుని. పాల్ రోబ్సన్ అనే నల్లజాతి నటుడు సెవాయ్ థియేటర్లో ఒథెల్లోగా నిలబడింది 1930లో. అక్కడి పెద్ద రంగస్థలానికి అది కొన్ని దశాబ్దాల తర్వాత దొరికిన దృశ్యం. బళ్ళారి వాళ్ళు మాత్రం మసి అక్కర్లేని ఒథెల్లోని అంతకు ముందే చూసి ఉన్నారు, ఇంగ్లీషులోనే చూశారు. ఆ సంగతి లండనుకు తెలియదు. తెలిసినా ఏం చేసుకునేదో.

తిరిగి వచ్చాక ఆయన చేసిన పనులు నాకు ప్రయాణం కంటే ముఖ్యంగా కనబడతాయి. ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని ముందునుంచీ అనేవారు. మాట అనడం వేరు, జరిపించడం వేరు. చదువుకున్న ఇంటి ఆడపిల్ల రంగం ఎక్కితే ఊరు ఊరంతా మాట్లాడుకునే కాలం. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని లాంటివాళ్ళు ఆయనతో కలిసి రంగం ఎక్కారు. రంగం మీద రాజులూ ఋషులూ తగ్గి, కుర్చీలూ బల్లలూ వచ్చాయి. పి.వి. రాజమన్నారు రాసిన తప్పెవరిది అలాంటి నాటకం. రాజమన్నారు తర్వాతి రోజుల్లో మద్రాసు హైకోర్టుకు మొట్టమొదటి భారతీయ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తప్పెవరిదో తేల్చే ఉద్యోగానికి ముందే నాటకంలో ఆ ప్రశ్న వేసి జవాబు ప్రేక్షకులకు వదిలేశారన్నమాట. ఇలాంటి నాటకంలో పద్యం ఉండదు, హార్మోనియం పెట్టె మీద మూత తీయనక్కర్లేదు. మగవాడు మీసం తీయించుకోనక్కర్లేదు. మా లోకో షెడ్డు చంద్రమతికి ఈ కబురు అందడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

సినిమా ఆయన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. 1936లో తెలుగులో ఇద్దరు ద్రౌపదులు పోటీ పడ్డారు. ద్రౌపదీ వస్త్రాపహరణంలో కన్నాంబ ద్రౌపది, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. ద్రౌపదీ మానసంరక్షణంలో సురభి కమలాబాయి ద్రౌపది, రాఘవ దుర్యోధనుడు. ఒకే కథ, ఒకే ఏడాది. గెలిచింది మొదటిది. రాఘవకప్పుడు యాభై ఆరేళ్ళు. అప్పట్లో పాట ముందు రికార్డు చేసుకుని పెదవులు ఆడించే పద్ధతి లేదు. కెమెరా ముందు నిలబడ్డవాడే పాడాలి. కాబట్టి నిర్మాతలు గొంతు కోసం వెతికేవారు. ఏళ్ళ తరబడి రాగం వద్దని వాదించిన మనిషికి, రాగం లేనిదే పూట గడవని పరిశ్రమలో ఎన్ని వేషాలు దొరుకుతాయి? మొత్తం మూడు దొరికాయి.

మూడింటిలో ఆయనకు తగిన వేషం 1939 నాటి రైతుబిడ్డలో దొరికింది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు. అంతకు ముందే మాలపిల్ల తీసి అగ్రహారాల్ని కదిలించినవాడు. ఈసారి జమీందార్ల మీద పడ్డాడు. ఇందులో ఒక చమత్కారం ఉంది. ఆ సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది చల్లపల్లి రాజా. జమీందారు సొమ్ముతో జమీందారీని తిట్టే సినిమా. బొబ్బిలి, వెంకటగిరి వాళ్ళకు కోపం వచ్చింది, అడ్డంకులు వచ్చాయి. ఆ సినిమాలో రాఘవ రైతు. కిరీటం లేదు, గద లేదు. తలకు గుడ్డ చుట్టుకున్న ముసలి కాపు. తన ఓటు తనదేనని పట్టుబట్టి దొరవారి మాట కాదన్నవాడు. హిరణ్యకశిపుడి గర్జనకు అలవాటుపడ్డ గొంతును అంత తగ్గించి రైతుకు ఇవ్వడానికి, ఊరికే పేరు మోసిన నటుడైతే చాలదు. పొలం తగాదాల్లో సాక్షి బోనులో నిలబడే రైతుల్ని ఏళ్ళ తరబడి దగ్గర నుంచి చూసి ఉండాలి. జడ్జి అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పకుండా ముందు బోను కర్రని చేత్తో తడుముకునే రైతును ఆ ప్లీడరు ఎంతమందిని చూశారో.

మూడోది 1940లో వచ్చిన చండిక. అందులో కన్నాంబ, వేమూరి గగ్గయ్య ఉన్నారు. ఆ సినిమా గురించి ఇంతకంటే చెప్పను.

1946 ఏప్రిల్ 16న రాఘవ పోయారు. ఆయన పోయిన ఏడేళ్ళకు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, అదే రోజు, 1953 అక్టోబరు 1న, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఆయన పుట్టిన తాడిపత్రి ఇటు, బతికిన బళ్ళారి అటు. మావాడంటే మావాడని ఇద్దరూ అంటారు. ఇల్లు కదలకుండా రాష్ట్రం మారడం అంటే ఏమిటో మాకూ తెలుసు. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్‌లో పడుకుని ఛత్తీస్‌గఢ్‌లో లేచాం. మా నాన్న ఆ పొద్దున పాలవాణ్ణి పిలిచి, మీ రాష్ట్రం వచ్చిందిరా, లీటరుకో రూపాయి తగ్గించు అన్నాడు. వాడు తగ్గించలేదు.

1981లో తపాలా శాఖ రాఘవ గారి బొమ్మతో స్టాంపు వేసింది. బళ్ళారిలో ఆయన పేరున కళామందిరం ఉంది. నటుడికి ఇంతకంటే ఏం మిగులుతుంది అంటే నా దగ్గర జవాబు లేదు. కవికి పుస్తకం ఉంటుంది, గాయకుడికి ప్లేటు ఉంటుంది. రుస్తుం వచ్చి నిలబడి ఒక్క మాటా అనకముందే జనం కుర్చీల్లో ముందుకు జరిగారంటారే, ఆ జరగడాన్ని ఎవరు దాచి పెట్టారు?

రాఘవ కథ చదివినప్పుడల్లా నాకు మా గడ్డ మీదే తిరిగిన ఇంకో నాటకాల మనిషి గుర్తొస్తారు. హబీబ్ తన్వీర్. 1923 సెప్టెంబరు 1న రాయపూర్‌లో పుట్టారు. ఆయన కూడా లండను వెళ్ళారు, 1955లో, రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చేరారు.

తన్వీర్‌కు లండనులో తెలిసివచ్చింది ఏమిటంటే, అక్కడివాళ్ళు నడిచినట్టు నడిస్తే మన మాట పలకదని. మాటకూ అడుగుకూ ముడి ఉంది. ఆ ముడి విప్పితే రెండూ పోతాయి. అక్కణ్ణుంచి బయటపడి, యూరప్ తిరిగి, బెర్లిన్‌లో జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ నాటకాలు చూసి, ఇంటికొచ్చి మా ఛత్తీస్‌గఢ్ నాచా అనే పల్లె నాటకం ఆడే కళాకారుల్ని పట్టుకున్నారు. చదువు రానివాళ్ళు, రాత్రంతా ఆడేవాళ్ళు. చరణ్‌దాస్ చోర్ అనే తన నాటకం తొలి రూపాన్ని ఆడించింది మా భిలాయిలోనే, ఆరుబయట, సత్నామీ జనం ఎదుట. ఆ నాటకమే 1982లో ఎడిన్‌బరోలో బహుమతి కొట్టింది.

రాఘవ పండిన వయసులో వెళ్ళారు, తన్వీర్ నేర్చుకోవడానికి వెళ్ళారు. ఇద్దరూ తెచ్చుకున్న సరుకు మాత్రం ఒకలాంటిది కాదు. రాఘవ పాట తీసేయమన్నారు. తన్వీర్ పాటనే పట్టుకున్నారు. ఇద్దరిలో ఎవరు ఒప్పని మా మేష్టార్ని అడగాలని ఉండేది. నాకు తన్వీర్ తెలిసేనాటికి మేష్టారు లేరు. భారత కథను పాడి వినిపించే తీజన్ బాయి పండవానీ చూస్తే మాత్రం ఇద్దరూ ఒప్పే అనిపిస్తుంది. భిలాయి పక్కన గనియారీ ఆవిడది, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసేది. చేతిలో తంబూరా ఉంటుంది. పాడుతూ పాడుతూ ఆపేస్తుంది. ఆ క్షణంలో తంబూరా భుజం మీదికి వెళ్ళి భీముడి గద అవుతుంది. పాట ఉన్నది ఆ ఆపడం కోసమేనా అనిపిస్తుంది.

నేను ఈ ప్రసంగం చేయడానికి ఒప్పుకున్నప్పుడు ఒక ఇబ్బంది ఆలోచించలేదు. రేడియోలో మౌనం వినిపించడం ఎలా? ఇక్కడ నేను నాలుగు క్షణాలు ఆగితే అద్దం అవతల కూర్చున్నాయన కంగారుగా చెయ్యి ఊపుతారు, ఇంట్లో మీరు స్టేషను పోయిందనుకుని ముల్లు తిప్పుతారు. రాఘవ గారి గురించి మాట్లాడడానికి రేడియో అంత పనికిరాని చోటు ఇంకోటి లేదు. అయినా మాట్లాడాను.

నాన్న రిటైరయ్యాక మళ్ళీ వేషం వేయలేదు. ఆ నవమి రాత్రి గురించి ఎవరైనా ఎత్తితే, "ఏటోలే, బండి అడ్డొచ్చింది" అని లేచిపోయేవాడు. పందిరి వేసిన జాగాలో ఇప్పుడు ఇళ్ళు వచ్చాయి. అమ్మ మాత్రం ఆ పాత ఇంట్లోనే ఉంటుంది. మొన్న వెళ్ళినప్పుడు కందిపప్పు ధర గురించి చెబుతోంది. "కిలో నూట..." అనేటప్పటికి గూడ్సు వచ్చింది. అమ్మ ఆగింది. చేతిలో చేట అలాగే ఉంది. గోడ మీది గిన్నెలు కదులుతున్నాయి. నేను వ్యాగన్లు లెక్కపెట్టాను, యాభై ఎనిమిది. గార్డు డబ్బా కూడా వెళ్ళిపోయింది. అమ్మ ఇంకో ఊపిరి ఆగి, "...ముప్పై" అంది.